శనగపప్పు మీద నడక

లిడ్ ఊళ్ళో అద్దెగది. వంటింట్లో రాత్రి పదకొండు.
బేకింగ్ ట్రేలో రెండు కిలోల శనగపప్పు పోసి
చేతులకి బూట్లు తొడుక్కున్నాను.
ఎడమ, కుడి. ఎడమ, కుడి.
గరిటెకి కట్టిన మైకు వింటోంది.

డంజనెస్ తీరంలో రాళ్ళు ఇలాగే కరకరమంటాయి,
నిజానికి రాళ్ళకంటే పప్పే ఎక్కువ రాళ్ళలా ఉంది.
అక్కడికి వెళ్ళి రికార్డు చేసుకొస్తే గాలే పడింది.
గాలీ, ఒక కుక్కా,
కుక్కని పిలుస్తున్న ఎవరిదో విసుగూ.

ఆట చిన్నది. తుపాకీ లేదు, గెలుపు లేదు.
తారు పూసిన చెక్క గుడిసె దగ్గర మొదలై
పడవల్ని లాగే తుప్పు విన్చి దాటి
లైట్‌హౌస్ దాకా నడవడం, అంతే.
మౌస్ కదిపితే ఆకాశం తిరుగుతుంది.
కిందికి చూస్తే కాళ్ళుండవు.
మన దయ్యాలకి వెనక్కి తిరిగిన పాదాలైనా ఉంటాయి,
నా ఆటలో "నేను"కి అవీ లేవు.
నేలకి అయిదడుగుల ఎత్తున
గాల్లో వేలాడే చూపు.
దానికి ఒళ్ళు రావాలంటే చప్పుడొక్కటే దిక్కు.

టేపంతా వెతికి నాలుగడుగులు కోశాను,
ఆనపకాయ ముక్కల్లా, నాలుగూ ఒకే పొడుగు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్ళీ ఒకటి.

పక్కింటి ఐవర్ టాప్లీ నలభై ఏళ్ళు
ఆ తీరం నుంచే పడవ దింపాడు.
చూపు పోయి మూడేళ్ళు.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని
"ఆ తెర ఆపెయ్యి, మొహం వేడెక్కుతోంది" అన్నాడు.
తెర నా వైపు తిప్పుకున్నాను.
పది అడుగులు వేశాడో లేదో,
"ఎవరీ కుంటివాడు?
నాలుగో అడుగు ప్రతిసారీ అదే.
రాయి ఒకే మాట రెండుసార్లు అనదమ్మా."

ఆ రాత్రి మళ్ళీ పప్పు, మళ్ళీ బూట్లు.
ఇరవై మూడు అడుగులు.
వరస కలిపేశాను, శ్రుతి వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపాను,
ఎడమ కాలికి కాస్త బరువిచ్చాను,
ఎందుకో తెలీదు, నేనలాగే నడుస్తాను.

మర్నాడు ఐవర్ గుడిసె దాటాడు.
కుడి చెంప మీద కరెంటు తీగల గుయ్యిమనడం విని
తల ఊపాడు, విన్చి దగ్గర ఆగాడు,
అక్కణ్ణుంచి ఎడమకి తిరిగి
నడుస్తూ పోయాడు.

తెర మీద చూస్తున్నాను. నాకు చెమట్లు.
అటువైపు గోడ కట్టడం మర్చిపోయాను.
సముద్రమంటే అప్పటికింకా
పరిచిన నీలం దుప్పటి, చప్పుడు పెట్టలేదు,
దాని కిందా అవే రాళ్ళు.
అలల మీద కరకర, కరకర.

"ఇవాళ పోటు బాగా వెనక్కెళ్ళింది" అన్నాడు.
నేను మాట్లాడలేదు.
పదకొండు నిమిషాలు.
"ఎక్కడున్నాను?"
"సముద్రం మీద."
నవ్వుతాడనుకున్నాను.
"ఎంత లోతు?"
"లోతు ఇంకా పెట్టలేదు."
సరేనన్నట్టు గడ్డం గోక్కుని
మీట మీద వేలు మళ్ళీ నొక్కిపెట్టాడు.

తర్వాత అలలు పెట్టాను, లోతు పెట్టాను,
తీరం పొడుగునా కనిపించని గోడ కట్టాను.
విన్చి పక్కన రెండు బారల సందు మాత్రం వదిలాను.
కళ్ళతో ఆడేవాళ్ళెవరూ
ఇంతవరకూ అటు తిరగలేదు.

బూట్లు తొక్కిన పప్పు ఇక కూరకి పనికిరాదు.
సీసాలో పోసి మూత బిగించి
"నడక" అని చీటీ అంటించాను.
కందిపప్పు సీసా పక్కనే ఉంది. జాగ్రత్తగా ఉండాలి.