వేలు ఉన్నచోట

సండర్లాండ్. మార్చి ఆఖరి శుక్రవారం.
సముద్రపు గాలి కిటికీ రబ్బరు పీకుతోంది.
ఓడలు కట్టి కట్టి చేతులు కాయలు కాసినవాళ్ల పింఛన్లు,
పదకొండు వేల చిల్లర వరుసలు.
ఈ రాత్రికే పెంచాలి.

ఎంతో ట్రస్టీలు ఇంకా తేల్చలేదు,
ఏ గడిలోనో కూడా.
అందుకే వాక్యాన్ని ప్రోగ్రాంలో చెక్కేయలేదు.
నడిచే వేళకు అతుక్కునేలా
ప్రశ్న గుర్తులు వదిలాను,
ఐదో తరగతి పరీక్షలో
‘ఖాళీలను పూరింపుము’ లాగ.

ఆరున్నరకి ఫోను: మూడు పాయింట్ ఒకటి.
పూరించాను. కర్సర్ తెరిచాను.

కర్సర్ అంటే ఏం లేదు, వేలు.
లెడ్జర్ల రోజుల్లో మోరీన్
రబ్బరు తొడుగు వేసి వరుస మీద ఆనించిన వేలు.
పేరుతో పనిలేదు, నంబరుతో పనిలేదు.
వేలు ఉన్నచోట దిద్దు,
కిందికి జరుపు.

ఆరు వేల రెండొందల పద్నాలుగు దాకా పరుగు.
ఆగింది.
తప్పేమీ చూపించలేదు. ఎవరో ఆ వరుసను పట్టుకున్నారు.
వాళ్లు వదిలేదాకా
నా వేలు గాల్లోనే.

పై అంతస్తుకి వెళ్లాను.
మోరీన్ తెర మీద ఆల్ఫ్ డాడ్స్, వెల్డర్.
‘స్థితి’ గడిలో అక్షరం మార్చింది,
ఎంటర్ నొక్కలేదు.
పక్కన టీ మీద మీగడ కట్టింది.

“ఏటా సెప్టెంబరులో లీక్స్ తెచ్చేవాడు,” అంది.
ఉల్లికాడలకు పెద్దన్నలు, మోచెయ్యంతవి.
పోటీలో ఎప్పుడూ రెండో బహుమతేనట.
మంగళవారం పోయాడట.

లాక్‌కి గడువు పెట్టడం మరిచాను నేను.
సోమవారం తిట్లు తప్పవు.
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఎప్పటికో నొక్కింది.
కింద నా వేలు కదిలింది:
ఆల్ఫ్ పింఛనులో సగం, ఎడ్నా డాడ్స్ పేర,
దాని మీద మూడు పాయింట్ ఒకటి,
వారానికి రెండు పౌండ్ల పదకొండు పెన్నీలు.
తర్వాతి వరుస. తర్వాతిది.

వరుసలు అయిపోతే డేటాబేస్ చెప్పే అంకె
నూరు.
నూరు నిండితే మా భాషలో ఏమంటారో
మోరీన్‌కి చెప్పలేదు.
కమిట్ చేసి లైట్లార్పాను.

మెట్ల మీద అడిగింది,
లీక్స్ మీరెలా వండుతారని.
“పప్పులో వేస్తాను,” అన్నాను.
గొడుగు విదిలించింది:
“ఆల్ఫ్ ఒప్పుకునేవాడు కాదు.”