తోడు

జూన్ నెల. చిత్తూరు.
గుజ్జు ఫ్యాక్టరీ ముందర
తోతాపురి ట్రాక్టర్లు రెండు కిలోమీటర్ల పొడుగున నిద్రపోతుంటాయి.
నేను కాటా గదిలో మేలుకొని ఉంటాను.

బండికీ బండికీ నడుమ పది నిమిషాలు నావి.
మూత సరిగా పడని పాత ల్యాప్‌టాప్‌లో
ఎవరో రాసి అందరికీ వదిలేసిన కోడును
రాళ్ళ చేలో నాగలి పట్టినట్టు చదువుతాను.
సగం అర్థం కాదు.
మిగతా సగం అర్థమైందనుకుంటాను.

పోయిన సీజన్లో ఒక రాత్రి
పెనుమూరు చెంగమనాయుడు వచ్చి
"నిన్నటి తూకం ఒకసారి చూపీ నాయనా,
వానకి చీటీ తడిసిపాయ" అన్నాడు.
చూపలేకపోయాను.
ఆ అంకె ఓనరు గదిలో, ఒకే ఒక పెట్టెలో ఉంటుంది.
ఆయన చీటీని ఊదుతా నిలబడ్డాడు,
వేడి కాఫీని ఊదినట్టు.
నేను మొదలుపెట్టింది ఆ రాత్రే.

నడుమ పెత్తనం లేని నెట్ అంట.
ఒక కంప్యూటరు పక్కదాన్ని అడుగుతుందంట,
అక్కడ లేకుంటే అది దాని పక్కదాన్ని.
ఇంతమాత్రం తెలుసుకోవడానికి నాకు ఎండాకాలం పట్టింది.

పరీక్షకని మా వీధి పేర్లు ఎక్కించాను.
పక్కింటి దేశమ్మ పేరు కొట్టి చూస్తే
"దేశమ్" దాకా వచ్చి
చివర నల్ల డైమండులో ఒక ప్రశ్న గుర్తు.
వెతగ్గా వెతగ్గా దొరికింది:
పదహారు బైట్ల దగ్గర కోసెయ్ అని ఎవరో రాశారు.
వాళ్ళ అక్షరం బరువు ఒకటి.
మనది ఒక్కొక్కటి మూడు.

కాటా గుమాస్తాని, తరుగు నాకు కొత్త కాదు.
మట్టికి తరుగు, తొడిమకి తరుగు,
ఓనరు ముఖం బాగాలేకపోతే దానికీ తరుగు.
పేరులో తరుగు మాత్రం
ఇదే చూడ్డం.

ఒక్క లైను మార్చాలి.
పదకొండు రాత్రులు పట్టింది.
పంపితే తిరిగొచ్చింది: పరీక్ష రాయలేదన్నారు.
రాసి పంపితే మళ్ళీ వచ్చింది: ఖాళీలు సరిగా లేవన్నారు.
చెవులు కాలిపోయాయి.
ఈ పనికి నువ్వెవడివి అని
గోడ మీది బల్లి కూడా అడిగినట్టుంది.
మూడోసారి
కొంగ బొమ్మ పెట్టుకున్న, ఏ దేశమో తెలియని ఎవరో
"చేర్చుకున్నాం, థ్యాంక్స్" అని రాశారు.

అప్పుడే హారన్ మోగింది.
బయటికెళ్ళి తూకం పట్టాను. ఆరు టన్నుల నలభై.
ఆగలేక డ్రైవర్ మొగిలీశుతో చెప్పేశాను.
"దుడ్లెంతిస్తారు?"
"ఏమీ ఇవ్వరు."
"మరెందుకబ్బా?"
స్లిప్పు చింపి ఇచ్చాను.
ఈసారి రెండు కాపీలు తీశాను,
ఒకటి ఊరికే.

తెల్లారి సంతపేటలో కరెంటు లేదు.
ల్యాప్‌టాప్ చల్లగా, చచ్చిన చేపలా ఉంది.
మంచం మీద వాలబోతుంటే తలుపు చప్పుడు.
దేశమ్మక్క, చేతిలో చిన్న స్టీలు గిన్నె.
"పిల్లి దబర పడదోసింది రాయుడూ,
తోడుకి పెరుగేమన్నా ఉందా?"

"మొన్న మీ ఇంట్లో తెచ్చుకున్న తోడే అక్కా."

"నీ దగ్గిరుండబట్టి సరిపాయ!"

రెండు చెంచాలు వేశాను.
అక్కా, యాడనో తెలియని మిషన్లలో
ఇప్పుడు నీ పేరు వత్తుతో సహా నిలబడుతుందని
చెబుదామనుకున్నాను.
గిన్నె మీద అరచెయ్యి మూసుకొని
అప్పటికే మెట్లు దిగిపోతోంది.
పాలు ఆరిపోతాయని.