గుల్ల

సైదులు మేస్త్రీ వేళ్ల కణుపులతో గోడను తట్టుకుంటూ పోతాడు,
కొబ్బరికాయ బేరమాడే మనిషిలా
చెవి దగ్గరగా పెట్టి.
టక్. టక్. టక్. డబ్.
"ఇక్కడ గుల్ల."
చెవి మీది పెన్సిలు తీసి సున్నా చుడతాడు.
పొద్దెక్కేసరికి హాలు గోడ నిండా సున్నాలే,
మేఘన తెలుగు తప్ప అన్ని పేపర్లలోనూ తెచ్చుకునేటన్ని.

"గీ ఒక్క గోడ చేస్తే పక్క గోడ ఊకోదమ్మా.
పైపులు అడుగుతయ్, స్లాబు అడుగుతది.
తొమ్మిది లక్షలు. పది అనుకో."

సీతాఫల్‌మండిలో నూటపది గజాలు.
ఎమ్మెమ్టీయెస్ పోయినప్పుడల్లా
అలమరలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.
ఇరవైతొమ్మిదేళ్లుగా మేం మాట మధ్యలో ఆగి
రైలు దాటాక అక్కణ్నుంచే అందుకుంటాం.
కొత్తగా వచ్చినవాళ్లు
మాకేదో కోపమొచ్చిందనుకుంటారు.

బ్రోకరు నర్సింగరావు ఫోనులో ఫ్లాటు చూపించాడు:
బాచుపల్లి, పదకొండో అంతస్తు, రెండు లిఫ్టులు,
ఇరవైనాలుగ్గంటలూ నీళ్లు.
ఆ చివరి మాట దగ్గర వీరేశం
రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి చూశాడు,
నీళ్లు కనిపిస్తాయేమోనని.
నవ్వకండి.
రాత్రి రెండింటికి మోటరు వేయడానికి లేచేది ఆయనే.

ఆదివారం పోయి చూశాం.
అక్కడ ఏ గోడ తట్టినా ఒకటే చప్పుడు.
ఒక గదిలోకి వెళ్లి గడియ పెట్టి, తీసి, మళ్లీ పెట్టి
లోపల్నుంచి మేఘన అరిచింది:
"మమ్మీ, దీనికి తలుపుంది!"
గోడలన్నీ తట్టాను గానీ
అప్పటిదాకా నాకు తట్టనే లేదు,
ఈ పిల్ల పదహారేళ్లుగా
పరదా వెనక బట్టలు మార్చుకుంటోందని.

తిరుగు దారిలో ముగ్గురం మూడు లెక్కలు వేశాం.
వీరేశం ఈఎంఐ లెక్క.
మేఘన కాలేజీ బస్సు లెక్క.
నాది ఎవరికీ చెప్పలేదు:
గాంధీ ఆస్పత్రి ల్యాబులో నైట్ డ్యూటీ దిగి
ఇంటికి నడిచొచ్చే ఇరవై ఐదు నిమిషాలు,
మధ్యలో నిలబడి తాగే ఇరానీ చాయ్,
నేను ఎవరికీ ఏమీ కాని ఆ ఇరవై ఐదు నిమిషాలు
బాచుపల్లి బస్సులో ఎక్కడ కూర్చుంటాయని.

సోమవారం సైదులు ఒక సున్నాను పగలగొట్టాడు, శాంపిలుకు.
గులాబీ రంగు రాలింది, మేఘన పుట్టినప్పటిది.
దాని కింద పిస్తా. దాని కింద నీలం కలిపిన సున్నం.
సున్నం మీద పెన్సిలు రాత, ఉర్దూలో, నిలువు లెక్క.

పక్కింటి షహనాజ్ ఆపా పిండి చేతులతోనే వచ్చి చదివింది.
మాకు ఇల్లమ్మిన రైల్వే గార్డు రాత.
"సిమెంటు... ఇసుక... కూలీ... గీత కొట్టిండు.
పక్కకు ఇంకో లెక్క, అమ్మితే ఎంతొస్తదని.
దాన్ని గూడ కొట్టిండు."
"మరి కింద?"
"దేఖేంగే అని రాసిండు. చూద్దాం అని."

ఎన్నేళ్లు చూశాడో.
తాళాలిచ్చిన రోజు
నల్లా కట్టానో లేదో అంటూ మూడుసార్లు వెనక్కొచ్చాడు.
అప్పుడు చాదస్తమనుకున్నాను.

సైదులు తాపీ పట్టుకుని నిలబడ్డాడు.
"ఏమంటరు? మాల్ కలపమంటరా?"

రైలొచ్చింది. ఆగాం.
గ్లాసులు మాట్లాడుకున్నాయి.
రైలు పోయింది.
ఎవరమూ అందుకోలేదు.

అప్పుడు మేఘన
సైదులు చెవి మీది పెన్సిలు లాక్కుని
పరదా వేలాడేచోట నేల మీద ఒక గీత గీసింది,
ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, కొంచెం వంకరగా.
"అంకుల్, ఇక్కడ గోడ లేపి తలుపు పెడితే ఎంతవుతుంది?"

సైదులు గొంతుక్కూర్చుని జానలతో కొలవసాగాడు.
నర్సింగరావు ఫోను మోగుతోంది.
వీరేశం దాన్ని బోర్లా పెట్టాడు,
కట్ చేయలేదు.