కాలువ కట్టేశాక

నా చేతిలో నలభై రెండు గళ్ళ కాగితం.
తూముగట్టు పంచాయతీ, కాలువకి చిట్టచివరి ఊరు.
ఇంటింటికీ బండి వస్తుందా? అవును.
తడీ పొడీ వేరు చేస్తారా? అవును.
అన్నీ కార్యదర్శి గారే చెప్పేసి
కొబ్బరి బొండం కొట్టించారు.
తాగాక, దీన్నెక్కడ పడెయ్యాలండీ అన్నాను.
ఆయన కాలువ వైపు చూసి, నా వైపు చూసి,
"ఇలా ఇవ్వండి" అన్నారు.

బుట్టలు పంచిన మాట నిజమే.
పచ్చబుట్టలో రాపాక వారి విత్తనాల మినుములున్నాయి.
ఎర్రబుట్ట, పగిలిన పెంకు కింద కారే నీళ్ళు పడుతోంది.
ఇంకో ఇంట్లో బుట్ట బోర్లించి, మీద మనవణ్ణి కూర్చోబెట్టి
తలంటుతోంది ఒకావిడ.
"వినియోగంలో ఉన్నవి" అని రాసుకున్నాను.
అబద్ధం కాదు కదా.

నూకరత్నం బండి తోస్తుంది.
ఆవిడకి ఇళ్ళు నంబర్లతో తెలియవు, వాసనతో తెలుసు.
ఈ గుమ్మంలో ఆదివారం రొయ్య తలకాయలు,
ఆ మేడలో చెరువుల మందు సీసాలు.
చివరింటి మాస్టారు ఇన్సులిన్ సూదుల్ని
పాత బనీను గుడ్డలో చుట్టి, దారం కట్టి,
"చెయ్యి జాగ్రత్తమ్మా" అని అందిస్తారు.
ఆ దారం ముడికి
నా కాగితంలో గడి లేదు.

చేపల పాకలోంచి కాటా అరువు తెచ్చి తూచాం.
నిన్న నూట పది కిలోలు.
రాత్రి వాన పడింది. ఇవాళ రెండొందల ముప్పై.
"ఊరు బాగుపడిందండీ" అంది నూకరత్నం, నవ్వకుండా.

షెడ్డులో ఎరువు తొట్లు ఎనిమిది.
రెండింట్లో వానపాములు, ఒకదాంట్లో ఈనిన కుక్క,
మిగతావాటి మీద పోయినసారి ఎన్నికల ఫ్లెక్సీ,
ఎవరో ఇంకా నమస్కారం పెడుతూనే ఉన్నారు.
నూటికి నలభై ఆరు వేశాను.
లాకుల పక్కన పై ఊరికి ఎనభై తొమ్మిది.
అక్కడ వీధుల్లో అన్నం వడ్డించుకోవచ్చు.
అప్పటికి కాలువ నిండుగా ఉంది,
ఏమీ ఎరగనట్టు మబ్బుల్ని మోసుకుంటూ.

ఏప్రిల్లో కాలువ కట్టేశారు.
ఒక సంతకం తక్కువై మళ్ళీ వెళ్ళాను.
నీళ్ళు దిగిన చోట
కాలువ తన లెక్క తాను పరుచుకుని ఉంది.
మేత సంచులు, సెలైన్ సీసాలు,
బురద తాగి ఉబ్బిన పసిపిల్లల డైపర్లు,
ఒంటి చెప్పులు (రెండోది ఏ ఊళ్ళో ఆగిందో),
ఎనభై తొమ్మిది మార్కుల ఊరి పెళ్ళి ప్లేట్లు,
కేటరింగు పేరూ ఫోన్ నంబరూ చెరక్కుండా.

తూము అడుగున, మోకాలి లోతు బురదలో
మామిడికాయల దోటితో వాటిని లాగుతోంది నూకరత్నం.
అది ఆవిడ పని కాదు. ఉన్న పనికే రెండు నెలల జీతం రాలేదు.
తూము పూడితే సార్వాకి శివారు చేలకి నీరెక్కదు,
చెల్లెలు కౌలు చేసే ఎకరం అక్కడే.

నన్ను చూసి నడుం నిలబెట్టింది.
"పైవోళ్ళు ఏసింది మాకొచ్చింది. మాది ఉప్పుటేట్లోకి పోద్ది.
పోటుకి సముద్రం మళ్ళీ ఎనక్కి తోసుద్ది.
తోసేసినోడికి ఎక్కువ, తగులుకున్నోడికి తక్కువ.
ఎవరి మార్కులు ఎవరికేసినట్టండీ?"

చెప్పులు గట్టున విడిచి నేనూ దిగాను
అని రాస్తే బాగుండేది.
దిగలేదు. తెల్ల చుడీదార్ వేసుకున్నాను.

సాయంత్రం ట్యాబ్‌లో, "ఇతర వ్యాఖ్యలు" దగ్గర
ఆవిడ మాటని ఆవిడ మాటగానే కొట్టాను.
ఆ గడి కొన్ని అక్షరాలే పట్టించుకుంటుంది.
పంపాక చూస్తే
"ఎవరి మార్కులు ఎవ" దగ్గర తెగిపోయి ఉంది.

జూన్‌లో లాకులెత్తిన మర్నాడు
నూకరత్నం ఫోన్ చేసింది.
"శివారుకి నీరెక్కిందండీ.
ప్లేట్లు కూడా వచ్చాయండీ, కొత్తయి."