శేషం

పొందూరు స్టేషన్ రోడ్డులో నా కొట్టు.
జిరాక్సు, లామినేషను, పెళ్లి వీడియో మిక్సింగు,
బోర్డు కింద వరసలో, సగం వెలిసిపోయి,
"డీవీడీలు రైటింగు చేయబడును".
ఆ వరస ఎవరితోనో చదివించుకుని
మూడేళ్లలో లోపలికొచ్చింది గున్నమ్మ ఒక్కతే.

కొంగుముడి విప్పి పెన్ డ్రైవు ఇచ్చింది.
అందులో ఒకే ఒక్క ఫైలు.
ఎప్పుడో ఈ కొట్లోనే పనిచేసి
ఇప్పుడు చిలకపాలెం ఆటో తోలుతున్న తవిటినాయుడు
ఆమె రాట్నం దగ్గర కూర్చుని తీసింది.
సంఘం గదిలో వడకడం నేర్చుకుంటున్న పిల్లలకి చూపాలట.
అక్కడి పాత ప్లేయరుకి పళ్లెం ఉంది గాని
పెన్ డ్రైవు పట్టే నోరు లేదు.

ఖాళీ డిస్కు పెట్టి నొక్కాను.
"ఇమేజి ఫైలును గుర్తించలేకపోతున్నాను" అంది తెర.
డిస్కు మార్చాను. అదే మాట.
లెన్సు మురికేమో అని
పుల్లకి చుట్టిన దూది స్పిరిట్‌లో ముంచి తుడిచాను.
గున్నమ్మ ఆ పుల్ల తీసుకుని వేళ్లతో నలిపి
"ఇదేటి దూది బాబూ, దువ్వనే దువ్వనేదు" అంది.

అప్పుడు చూశాను, ఫైలు పేరు వెనక చుక్క లేదు.
చుక్క తర్వాత ఉండాల్సిన మూడక్షరాలూ లేవు.
మనకి ఇంటిపేరు ముందుంటుంది,
వీటికి వెనక.
పెన్ డ్రైవులు మారేటప్పుడు
ఎవరో పేరు సరిచేయబోయి తోక కోసేశారు.
ఐఎస్‌ఓ అని నేనే ఒక ఇంటిపేరు తగిలించాను,
దారి తెలియనివాడు ఏదో ఊరు చెప్పినట్టు.
యంత్రం మోసపోలేదు.

"గుర్తెట్టనేదా?
మొన్న పింఛనీ కాడ మిసను
నా ఏలుకీ ఇదే మాట సెప్పింది."
బొటనవేలు నా కళ్ల ముందు పెట్టింది.
నలభై ఏళ్ల దారం రాసుకుపోయి
గులకరాయిలా నున్నగా ఉంది.
గీత అన్నది లేదు.
"నానే గున్నమ్మనని సెప్పడానికి
పక్కింటోళ్లని తోలుకెళ్లినాను."

అయితే దీని పక్కింటివాళ్లెవరు?

కాలిక్యులేటరు తీశాను.
ఫైలు బరువుని రెండువేల నలభై ఎనిమిదితో భాగించాను,
శేషం మిగిలింది.
ఐఎస్‌ఓ అయితే మిగలదు.
రెండువేల మూడువందల యాభై రెండుతో భాగించాను.
సున్నా.
కుర్చీలో కూలబడి నవ్వాను.
ఇది పాత వీసీడీకి ఒళ్లు.
దీనితోపాటు ఒక చీటీ ఉండేది,
ట్రాకు ఎక్కడ మొదలో చెప్పే నాలుగు ముక్కల చీటీ.
కోట్ల అక్షరాలు భద్రంగా చేరాయి,
ఆ చీటీ ఎక్కడో జారిపోయింది.

నోట్‌ప్యాడ్ తెరిచి రాశాను:
ఫైలు ఫలానా. ట్రాకు ఒకటి. రకం ఇది.
మొదలు: సున్నా, సున్నా, సున్నా.
సాక్షి సంతకం లాంటి పని.

ఈసారి తెర ఏమీ అనలేదు.
వేగం బాగా తగ్గించి పెట్టాను.
డ్రైవులో డిస్కు తిరుగుతున్న చప్పుడుకి
గున్నమ్మ చెవి ఒగ్గింది.
"కదురు కాస్త వొంకర" అని తేల్చింది.

వేసి చూశాం.
నల్లటి జుట్టు గున్నమ్మ
వాలుగ చేప దవడతో దూది దువ్వుతోంది.
ఏకు పట్టింది, రాట్నం తిప్పింది.
కంటికి ఆనని దారం
చెయ్యి ఎంత పైకెత్తితే అంతా వస్తోంది.
ఆమె తన మొహం వైపు చూడలేదు.
"ఆ దవడ ఇంకా ఉంది, రెండు పళ్లే ఊడినాయి" అంది.

ఏడో నిమిషంలో బొమ్మ ఆగిపోయింది.
చక్రం కదలదు, చెయ్యి కదలదు.
నా గుండె జారింది,
ఇంకో డిస్కు పాడు,
మళ్లీ మొదట్నుంచి,
మౌసు మీదికి చెయ్యి పోయింది.

"ఆగు బాబూ" అంది గున్నమ్మ.
"అది నీ డిస్కు కాదు.
ఆ పొద్దు నా దారం తెగింది."