కారు, ఒకటి

నా టిక్కెట్టు పుస్తకంలో ఏనుగుకి గడి లేదు.
సైకిలు, మోటారుసైకిలు, ఆటో, కారు, లారీ. అంతే.
అందుకే ఆ పొద్దున్న నర్సాపురం రేవులో
రెంటికీ ఒకే రంగు కాయితం చింపాను.

మొదటిది మలుపు తిరక్కముందే వచ్చేసింది.
షెడ్డుపనిలో పంతొమ్మిదేళ్ళకి నా ఎడమచెవి పోయింది,
దాన్ని రొమ్ముతో విన్నాను.
డెబ్బయ్యో సంవత్సరం అమెరికా సరుకు,
ఎనిమిది సిలిండర్లు, ఏడు లీటర్లు.
నిలబడ్డా నిలకడ లేదు,
కట్టుకొయ్య దగ్గర ఆంబోతులా ఒళ్ళంతా కదుపుతోంది.
మద్రాసులో దివాళా తీసిన ఎవరిదో గొడౌనులో
ముదునూరి కనకరాజుగారి రొయ్యల డబ్బుకి దొరికిందట.
స్టీరింగు ఎడంపక్క.
డబ్బులకోసం ముక్కునించి తోకదాకా
చుట్టూ తిరిగి వెళ్ళాను.
తిరగడం బాగానే ఉంది.

రెండోది ఎప్పుడొచ్చిందో తెలీదు.
చూస్తే నా మోకాలి పక్కనుంది,
వానమబ్బు రంగులో, పెదవి కదపకుండా.
రాజోలు ఆసుపత్రిలో మత్తు డాక్టరమ్మ, ఎస్తేరురాణిగారు.
కారుక్కూడా ఓ సూది వేశారేమో అనుకున్నాను.
"నాలుగు సెకన్లలో వంద దాటుతుంది" అన్నారు.
మరి చప్పుడేదండీ?
"కావాలంటే లోపల స్పీకర్లోంచి వస్తుంది."
ఉరుముని సీసాలో పోసి
అమ్ముతున్నారన్నమాట.

పాతది తిన్నటి రోడ్డు కోసం పుట్టింది.
మా కాలవగట్లకి తిన్నగా పోవడం చేతకాదు.
కొత్తదానికి మలుపంటే లెక్కలేదు,
ముందు గడ్డి ట్రాక్టరుంటే మాత్రం
దాని తెలివంతా బ్రేకులోనే.

పంటు నిండందే కదలదు.
నాలుగు సెకన్లదీ, ఆరు సెకన్లదీ
అరటిగెలల వేను కోసం ఇరవై నిమిషాలు కాసుకున్నాయి.

నడిగోదాట్లో సరంగు పోతురాజు అడిగాడు:
"ఏది గొప్పది, మావా?"
పాతది ఆగితే బాగుచేస్తాను,
కొత్తది ఆగితే ఫోను చేస్తాను, అన్నాను.
వాడు నవ్వాడుగానీ
నేను నవ్వుకి చెప్పలేదు.
పాతది తాగేది చూస్తే కడుపు తరుక్కుపోతుంది,
దాని బ్రేకుల్ని నమ్మి నా మనవణ్ణి ఎక్కించను.
అయినా చెయ్యి వేసింది దాని బానెట్టు మీదే.

సఖినేటిపల్లి ఒడ్డున దిగబోతే
అది స్టార్టవలేదు.
వెనక డాక్టరమ్మ, ఆ వెనక అరటిగెలలు, ఆ వెనక హారన్లు.
వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయింది.
గోదాట్లో గుడ్డ ముంచి
గొట్టానికి చుట్టి, పట్టుకుని కూచున్నాను,
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు పట్టుకున్నట్టు.
ఆవిడ గడియారం చూసుకుంటున్నారు.
అవతల బల్లమీద ఎవరో ఉన్నారు,
ఇంకా మత్తు ఎక్కనివాళ్ళు.
సిగ్గుపడాలి, తెలుసు.
ఆ ఆరేడు నిమిషాలూ
నాకు హాయిగా ఉంది.

ఒక్కసారిగా అందుకుంది.
ఒడ్డున కొంగలన్నీ లేచాయి.
రాజుగారు చెయ్యూపారు, పొగలో సరిగా కనబడలేదు.
ఆ పొగలోంచే డాక్టరమ్మ కారు
జారిపోయింది,
నేను దణ్ణం పెట్టేలోపు.

తిరుగు ట్రిప్పుకి ముందు పంటు కడగాలి.
కొత్తది నిలిచినచోట రేకు పొడిగా ఉంది.
పాతది నిలిచినచోట నాలుగు నూనెచుక్కలు,
ఎండకి నెమలికంఠం రంగు తిరుగుతూ.
బకెట్టు పట్టుకుని
అటువైపు కడిగాను.