నాలుగో పేజీ

కార్డిఫ్‌లో మా ఆఫీసు మూడో అంతస్తు.
కిటికీ అవతల ఫిబ్రవరి వాన ఏటవాలుగా కొడుతోంది.
బల్ల మీద అరవై ఒక్క దరఖాస్తులు.
డబ్బు తొమ్మిదింటికి.

నా పని మార్కులు వేయడం.
అవసరానికి ఇరవై, ప్రణాళికకు ముప్ఫై,
ఫలితాన్ని ఎలా కొలుస్తారో చెప్పినందుకు యాభై.
పేదబడుల్లో బొమ్మలూ పాటలూ నేర్పడానికి
సర్కారు పక్కన పెట్టిన సొమ్ము ఇది.
ఊరికే ఎవరి చేతా పడదు.
లేమిని కూడా
మూడు వందల మాటలు మించకుండా చెప్పుకోవాలి.

కొన్ని బడులకు రాసిపెట్టే మనుషులుంటారు,
వాళ్ల వాక్యాల ఇస్త్రీ మడత నలగదు.
పాంట్ ఐథిన్ నుంచి వచ్చింది మాత్రం చేతిరాత. నీలం సిరా.
గనులు మూసేసిన లోయ, నూట పన్నెండు మంది పిల్లలు,
బొమ్మల టీచరు లేరు కాబట్టి
లెక్కల టీచరు టెగ్వెన్ మాడక్స్.
అడిగింది ఒకటే: మట్టి కాల్చుకోవడానికి ఒక కరెంటు ఆవం.

"మట్టి కొనక్కర్లేదు" అని రాసిందామె.
"బొగ్గు పొర కింద ఎప్పుడూ ఒక మట్టి పొర ఉంటుంది.
మా తాతలు దాన్ని తొక్కుకుంటూ బొగ్గు తవ్వారు.
ఇప్పుడది వాగు గట్టున పైకి తేలింది.
పిల్లలు బకెట్లతో తెస్తారు.
చేసినవన్నీ స్టాఫ్‌రూమ్ రేడియేటర్ మీద ఆరబెడతాం.
సోమవారానికి బీటలిస్తాయి."

దేశమంతటికీ నిప్పు పంపిన లోయ
ఒక మట్టిబొమ్మ కాల్చుకోవడానికి
నిప్పు అడుగుతోందని
అప్పుడు నాకు తట్టలేదు.
తట్టినా ఆ గడికి మార్కుల్లేవు.

నాలుగో పేజీ. ప్రశ్న:
ఈ నిధివల్ల కలిగే మార్పును ఏ ప్రమాణాలతో కొలుస్తారు?
జవాబు:
"గెథిన్ సెప్టెంబరు నుంచి బడిలో నోరు విప్పలేదు.
మొన్న గురువారం గొర్రెను చేశాడు. దాని కాలు విరిగింది.
'అయ్యో, కుంటిదైపోయింది' అన్నాడు.
కొలవడానికి నా దగ్గర ఇంతే ఉంది."
దాని కింద, ఎవరు పెట్టమన్నారో,
బూడిదరంగు మట్టితో చిన్న బొటనవేలి ముద్ర.

యాభైకి పదకొండు వేశాను.
మార్జిన్‌లో రాశాను: ప్రమాణాలు లేవు.

గీత పైన తొమ్మిది బడులు, కింద యాభై రెండు.
పాంట్ ఐథిన్ పదోది అయ్యుంటే
చెప్పుకోవడానికి బాగుండేది.
కాదు. ముప్ఫై నాలుగోది.

జూన్‌లో ఉత్తరం వచ్చింది.
తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.
"నాలుగో పేజీతో మీకు పనిలేకపోతే తిరిగి పంపగలరా?
గెథిన్ వాళ్లు ఈస్టర్ సెలవుల్లో ఇల్లు ఖాళీ చేశారు.
ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.
గొర్రె పొడైపోయింది.
వాడి చేతిది ఇంకేదీ మా దగ్గర లేదు."

తిరస్కరించిన కాగితాలు ఏడేళ్లు ఉంచాలి,
తర్వాత ముక్కలు చేయాలి. అది నియమం.
అందుకని కాపీ తీశాను.
యంత్రానికి మట్టి తెలీదు.
వేలి గీతల చోట ఒక నల్ల మరక వచ్చింది.
దాన్నే పంపాను, మా చిహ్నమున్న కవర్లో పెట్టి.
'క్షమించండి' అని టైపు చేసి, చెరిపి,
'ఇందుతో జతచేయడమైనది' అన్నాను.

ఈ ఏడు డెబ్బై నాలుగు వచ్చాయి. డబ్బు ఏడింటికి.
నీలం సిరా కోసం కట్టంతా తిరగేశాను.
లేదు.

అప్పుడప్పుడూ, అందరూ భోజనానికి దిగాక,
బీరువా తెరిచి ఆ ఫైలు తీస్తాను.
ముద్ర ఎండి రాలుతోంది.
ఎన్ని కోట్ల ఏళ్లు బొగ్గు కింద పడుకున్న మట్టో,
అట్ట మడతలో చిటికెడు పొడిగా చేరింది.
ఇంకా మూడేళ్లుంది దానికి.

ఊదెయ్యను.
మూస్తాను, మెల్లగా.